గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్తున్నారా? వీసా కాగితం నుంచి తిరుగు టికెట్ దాకా చేయాల్సినవన్నీ

మాది రాజోలు దగ్గర చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. కోనసీమలో ఇలాంటి షాపు పెట్టుకున్నాక వద్దన్నా గల్ఫ్ కాగితాలు చేతిలో పడుతూనే ఉంటాయి. కువైట్ వీసాలు, మస్కట్ టికెట్లు, పాస్‌పోర్ట్ జిరాక్సులు, అన్నీ. "ఈ కాగితం మంచిదేనా అండీ?" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే, ఎక్కువ మంది ఇంటి పనికే. ప్రతిసారీ నోటితో చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నా. అందుకని వరసగా రాసేస్తున్నా.

మనుషుల అక్రమ రవాణా అంటే ఎవరో ఎత్తుకుపోవడం అనుకుంటారు, నేను చూసినంతలో ఎవర్నీ ఎవరూ ఎత్తుకుపోలేదు. పనికి వెళ్లే ఆవిడ తన పెట్టె తనే సర్దుకుని, పిల్లలకు ముద్దులు పెట్టి, తన కాళ్ల మీద తనే నడిచి ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది. అమ్మేశారన్న సంగతి అక్కడ దిగాక తెలుస్తుంది, కానీ అది చేతిలో ఉన్న కాగితం మీద ముందే రాసి ఉంటుంది. చదివే మనిషి ఇంట్లో లేక ఇబ్బంది. కాబట్టి ఇది ఇద్దరి కోసం రాస్తున్నా: వెళ్లే మనిషి, ఇంటి దగ్గర ఉండే మనిషి.

1. ఇంటి దగ్గర ఒక మనిషిని పెట్టుకోండి

ఏజెంటుకి ఫోన్ చేసే ముందే ఈ పని చేయాలి. ఆ మనిషి మొగుడే అయ్యుండాలని లేదు. నిజం చెప్పాలంటే కొన్ని ఇళ్లలో మొగుడు అసలు పనికిరాడు, ఎందుకంటే ఏజెంటు దగ్గర ముందే డబ్బు తీసుకుని ఉంటాడు. ఇంటర్ చదివే కూతురు, తమ్ముడు, మరిది, డ్వాక్రా గ్రూపు లీడరు, ఎవరైనా సరే. ఫోన్ బాగా వాడటం రావాలి, ఏజెంటు డబ్బు ముట్టి ఉండకూడదు. ఈ రెండూ ఉంటే చాలు.

ఆ మనిషి దగ్గర ఒక ఫైలు ఉండాలి. ప్లాస్టిక్ కవరు ఫైలు, పది రూపాయలది. అందులో:

- పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ జిరాక్స్
- వీసా కాపీ, ఉద్యోగ ఒప్పందం కాపీ, టికెట్ కాపీ
- ఏజెంటు పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబర్లు, వీలైతే ఫొటో
- డబ్బు ఇచ్చిన, తీసుకున్న ప్రతి రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు
- వెళ్లే మనిషి ఈమధ్య తీయించుకున్న ఫొటో, ఆధార్ కాపీ

ఇవే ఫోనులో ఫొటోలు తీసి మెయిల్‌లో కూడా పెట్టుకోండి. ఫోన్ పోతే, చెడిపోతే మెయిల్‌లోనివి ఉంటాయి.

2. ఏజెంటు సంగతి తేల్చుకోండి

విదేశాల్లో ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది, లైసెన్సు లేకుండా నడుపుతున్నారని ఫిర్యాదులొచ్చిన వాళ్ల జాబితా కూడా ఉంటుంది. రెండూ చూడండి. ఊళ్లోకి వచ్చి మాట్లాడే మనిషి "నేను హైదరాబాద్ ఆఫీసు తరఫున" అంటాడు, అలాంటి సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. ఆఫీసు పేరు, లైసెన్సు నంబరు అడగండి, అదే ఆఫీసుకి మీరే ఫోన్ చేసి ఈ మనిషి మీవాడేనా అని కనుక్కోండి. నంబరు మటుకు వెబ్‌సైటులోంచి తీసుకోండి, అతనిచ్చింది వద్దు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో నిబంధన ఉంది, చాలామందికి తెలియదు. పదో తరగతి పాసవ్వని వాళ్లకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్ట్ వస్తుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వాళ్లకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాంగ శాఖ అధికారి) అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్ట్ ఉన్న ఆడవాళ్లకు కనీసం 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016లో కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం వాళ్లను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలి: మన ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. అంటే ఊళ్లో తిరిగే ప్రైవేటు ఏజెంటు, ఎంత మంచివాడైనా, ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న ఆడమనిషిని ఇంటి పనికి పంపిస్తానంటే అక్కడే ఆగి ఆలోచించాలి. అనుమానముంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుని అడగండి.

ఇక "ఎదురు డబ్బు" సంగతి. మగవాళ్లు వెళ్లాలంటే ఏజెంటుకి కట్టాలి, ఆడవాళ్లు ఇంటి పనికి వెళ్తే ఏజెంటే ఎదురు డబ్బిస్తాడు, యాభై వేలో, ఇంకా ఎక్కువో. జనం దీన్ని అదృష్టం అనుకుంటారు. ఆ డబ్బు అరబ్బు ఇంటివాళ్లు అక్కడి ఏజెంటు ఆఫీసుకి కట్టినదాంట్లోంచి వస్తుంది, రేపు ఆవిడ "నేనుండలేను, పంపించెయ్యండి" అంటే "మేం కట్టింది కక్కి వెళ్లు" అంటారు. రెండు లక్షలు, మూడు లక్షలు అడిగిన కేసులు మా చుట్టుపక్కలే ఉన్నాయి. ఎదురు డబ్బు తీసుకోకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే ఎంత, ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా అన్నది ఫైల్లో రాసి పెట్టండి.

3. వీసా కాగితం చదవండి

మొన్న ఎండాకాలం ఒకావిడ షాపుకి వచ్చింది. చేతిలో ఫోను, అందులో ఏజెంటు వాట్సాప్‌లో పంపిన మసక ఫొటో. "కలర్ ప్రింటు తీయండి, వీసా వచ్చేసిందండి" అంది. తీసి చూస్తే యూఏఈ టూరిస్టు ఎంట్రీ పర్మిట్, 30 రోజులది. ఆవిడకు చెప్పిన ఊరేమో మస్కట్, పనేమో ఒక ముసలమ్మని చూసుకోవడం. కాగితం మీద ముసలమ్మ లేదు, మస్కట్ లేదు, పని లేదు, జీతం లేదు. చెప్తే, "అక్కడికెళ్లాక మార్పిస్తానన్నాడండి" అంది. అరగంట కూర్చోబెట్టి మాట్లాడా. చివరికి వాళ్ల తమ్ముడు వచ్చి పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చుకున్నాడు, దానికి కూడా ఏజెంటు ఐదు వేలు గుంజాడు, అది వేరే సంగతి.

ఎందుకు విజిట్ వీసా మీద పంపుతారో అర్థమైతే మిగతాదంతా తేలిక. ఈసీఆర్ అనుమతి ఉద్యోగ వీసాకే కావాలి. చుట్టపు చూపుగా, టూరుగా వెళ్తున్నామంటే అక్కర్లేదు. అంటే వయసు అడిగేవాళ్లుండరు, ఒప్పందం అడిగేవాళ్లుండరు, ఇన్సూరెన్సు ఉండదు, ప్రభుత్వం రికార్డుల్లో మీరు పనికి వెళ్లినట్టే ఉండదు. దుబాయ్‌లో దించి, అక్కడ నుంచి రోడ్డు మీద ఒమన్‌కో, ఇంకో విమానంలో కువైట్‌కో దాటిస్తారు. మధ్యలో ఒక ఆఫీసులో కూర్చోబెడతారు, మనవాళ్లు మక్తబ్ అంటారు, ఇంటివాళ్లు వచ్చి చూసుకుని ఎంచుకుని తీసుకెళ్తారు.

కాగితం మీద వెతకాల్సినవి ఇవీ:

- పేరు, పాస్‌పోర్ట్ నంబరు అక్షరం పొల్లు పోకుండా సరిపోయాయా
- వీసా రకం. విజిట్, టూరిస్ట్, ట్రాన్సిట్ అని ఉంటే అది పని వీసా కాదు. అరబ్బీలో జియారా అంటే విజిట్, సియాహా అంటే టూరిజం, అమల్ అంటే పని
- వృత్తి అన్నచోట ఏముంది
- కఫీల్ పేరు, అంటే మిమ్మల్ని రప్పించుకునే యజమాని పేరు, ఫోన్ నంబరు
- ఏ దేశం వీసా, టికెట్ ఏ ఊరికి. రెండూ ఒకటేనా
- గడువు ఎప్పటిదాకా

అరబ్బీ రాదు కదా అంటారు. ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి కాగితం మీద పెట్టండి, తెలుగులోనే చూపిస్తుంది. తప్పులుంటాయి కానీ విజిట్టా, పనా అన్నది తెలిసిపోతుంది.

కువైట్ అయితే ఇంకొకటి చూడాలి. ఇంటి పని వీసా ఆర్టికల్ 20 కింద వస్తుంది, మనవాళ్లు ఖాదిమ్ వీసా అంటారు. కంపెనీ వీసా ఆర్టికల్ 18, దాన్ని షూన్ అంటారు. వీసా ఒకటి, పని ఇంకొకటి అయితే రేపు గొడవొచ్చినప్పుడు ముందు తప్పు మీ మీదే పడుతుంది. "ఆజాద్ వీసా" అనేది అసలు ఏ చట్టంలోనూ లేదు. కఫీల్ పేరు ఒకరిది, పని వేరే చోట, పట్టుబడితే జైలు.

ఇంకో మాట. ఫొటో పంపిస్తే ఒప్పుకోకండి, ఒరిజినల్ పీడీఎఫ్ అడగండి. ఫొటోలో పేరు మార్చడానికి నాకే రెండు నిమిషాలు చాలు, వాళ్లకెంతసేపు!

4. డబ్బు, సంతకాలు

ఇక్కడ చెప్పేది తక్కువే. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. నగదు వద్దు, బ్యాంకు లేదా యూపీఐ.

ఖాళీ కాగితం మీద, స్టాంపు పేపరు మీద, చదవని అరబ్బీ కాగితం మీద సంతకంగానీ వేలిముద్రగానీ వేయకండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ వీసా పనికి ఇవ్వాల్సొస్తే ఇచ్చిన తేదీతో రసీదు రాయించుకోండి. పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని దగ్గర పెట్టుకుని డబ్బు అడిగే హక్కు ఏ ఏజెంటుకీ లేదు.

నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి వెళ్తే, అక్కడ ఎన్ని దెబ్బలు తిన్నా "అప్పు తీరే దాకా ఉందాం" అనిపిస్తుంది. చేతనైనంత వరకు అప్పు లేకుండా బయల్దేరండి, తప్పకపోతే బ్యాంకు నుంచో డ్వాక్రా నుంచో తీసుకోండి.

5. బయల్దేరే ముందు వారం

ఒప్పందం చదివించుకోండి. జీతం ఎంత, ఏ డబ్బులో, ఎన్ని గంటలు, వారంలో సెలవు ఉందా, తిరుగు టికెట్ ఎవరిది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ల కోసమే ఉంది: రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, ఏడాదికో నెల జీతం చొప్పున చివర్లో ఇచ్చే సొమ్ము. మీరు ఒప్పుకోకుండా పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లు పెట్టారు. యూఏఈలో 2022 చట్టం ప్రకారం రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకధాటిగా. ఖతర్‌లో 2021 నుంచి కనీస జీతం నెలకు 1000 రియాల్స్, ఇంటి పనివాళ్లకూ వర్తిస్తుంది. అక్కడ ఇవన్నీ ఇంటింటా అమలవుతున్నాయని నేనట్లేదు. కానీ ఎంబసీలో కూర్చుని మాట్లాడే రోజు వస్తే "నాకివ్వాల్సింది ఇంత" అని చెప్పగలగాలి.

ఇన్సూరెన్సు: ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. బయల్దేరే ముందు ఒక రోజు శిక్షణ ఉంటుంది, అదీ మానకండి.

ఇక నంబర్లు. ఫోను మొదటి రోజే ఆ ఇంటి మేడమ్ తీసేసుకోవచ్చు, అందుకని ఫోనులో సేవ్ చేస్తే సరిపోదు. ఇంటి మనిషి నంబరు, ఎంబసీ నంబరు, ఊళ్లో ఇంకొకరి నంబరు, ఈ మూడూ ఒక చిన్న గుడ్డ మీద చెరగని పెన్నుతో రాసి లంగా అంచులో కుట్టేయండి. బైబిలు, ఖురాన్, గీత, ఏది వెంట తీసుకెళ్తే దాని లోపలి పేజీలో తెలుగు అంకెల్లో, ౧ ౨ ౩ అని, ఇంకోసారి రాసుకోండి. మన తెలుగు అంకెలు అక్కడ ఎవరికీ అర్థం కావు, మనకే చాలామందికి రావు, అందుకని ముందు నేర్చుకోండి.

కోడ్ మాట కూడా పెట్టుకోండి. మా పిన్ని కువైట్ వెళ్లేటప్పుడు మేం పెట్టుకున్నది "గేదె ఈనిందా?". మా ఇంట్లో గేదె లేదు. స్పీకర్ ఆన్ చేసి పక్కన మేడమ్ నిలబడ్డా, తెలుగు తెలిసిన ఏజెంటు వింటున్నా, ఆ మాట అడిగిందంటే బాగాలేదని అర్థం. రెండేళ్లలో ఒక్కసారి అడిగింది. నేను "ఇంకా లేదు పిన్నీ, నెలలు నిండలేదు" అని, ఫోన్ పెట్టేసి ఫైలు తీశా. మూడు నెలల జీతం ఆపేశారని, అడిగితే గదిలో పెట్టి గడియ వేశారని తర్వాత తెలిసింది. ఎంబసీ నుంచి కఫీల్‌కి ఫోన్ వెళ్లాక రెండు నెలలది ఇచ్చారు. మూడోది ఇప్పటికీ రాలేదు.

6. ఎయిర్‌పోర్టులో

ఇమిగ్రేషన్ కౌంటర్లో "చెల్లెలి ఇంటికి వెళ్తున్నానని చెప్పు", "పనికని మాత్రం అనకు" అని నేర్పించారంటే మీ ప్రయాణంలో మోసం ఉన్నట్టే. "ఫలానా కౌంటర్‌కే వెళ్లు, అక్కడ మనవాడున్నాడు" అన్నా అంతే.

అక్కడిదాకా వచ్చాక వెనక్కి తిరగడం కష్టమే, నాకు తెలుసు. ఊళ్లో అందరికీ చెప్పి వచ్చారు, అమ్మ ఏడుస్తూ పంపింది. అయినా కౌంటర్లో ఉన్న ఆఫీసరుతో నేరుగా, తెలుగులోనైనా, "నన్ను పనికి పంపుతున్నారు, కాగితం మీద విజిట్ ఉంది, నాకు భయంగా ఉంది" అని చెప్పొచ్చు. ఆపేస్తారు. ఆపేస్తే పోయేది టికెట్ డబ్బు.

మన దగ్గర ఇచ్చిన కాగితాలు ఒక సెట్టు, విమానం ఎక్కే ముందు చేతిలో పెట్టి "అవి చింపేసి ఇవి చూపించు" అనే సెట్టు ఇంకొకటి ఉంటే, రెండో సెట్టు ఫొటో తీసి ఇంటి మనిషికి పంపించాకే ముందుకు కదలండి.

7. దిగిన మొదటి పది రోజులు

అన్నిటికంటే ముందు, మీరున్న ఇల్లు ఎక్కడుందో ఇంటి మనిషికి తెలియాలి. నూటికి తొంభై మంది "కువైట్‌లో ఉంది" అంటారు, ఏ ఏరియా అంటే చెప్పలేరు. అదే అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఎంబసీవాళ్లు మొదట అడిగేది కూడా అదే.

- వాట్సాప్‌లో లొకేషన్ పంపండి. లైవ్ లొకేషన్ కొంతసేపటికి ఆగిపోతుంది, మామూలు లొకేషన్ పిన్ను పంపండి
- కువైట్‌లో బిల్డింగు మీద పీఏసీఐ నంబరున్న పలక ఉంటుంది, చెత్త పారేయడానికి బయటికెళ్లినప్పుడు చూసి రాసుకోండి, ఆ ఒక్క నంబరుతో ఇల్లు దొరుకుతుంది. దుబాయ్‌లో అయితే మకానీ నంబరు, పది అంకెలు
- బతాకా (సివిల్ ఐడీ) లేదా అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) వచ్చిందా అడగండి, వచ్చాక రెండు వైపులా ఫొటో పంపండి
- కఫీల్ పేరు, ఫోను వీసాలో ఉన్నదేనా? వేరే ఇంట్లో పెట్టారంటే వెంటనే ఇంటికి చెప్పండి
- జీతం బ్యాంకు ద్వారా వేయమని అడగండి. చేతికిస్తే తేదీ, ఎంత అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి

వారానికో రోజు, ఒక టైముకి ఫోన్ అని ముందే ఒప్పుకోండి. మనకీ కువైట్‌కీ రెండున్నర గంటల తేడా. ఒక వారం రాకపోతే ఫోను చెడిపోయిందనుకోవచ్చు, రెండో వారం కూడా రాకపోతే తొమ్మిదో మెట్టు మొదలుపెట్టండి. నెలరోజులు ఆగకండి.

8. తేడా కొడితే ఆవిడ చేయాల్సింది

ప్రాణం మీదికి వస్తే పోలీసు: కువైట్ 112, యూఏఈ, ఖతర్, బహ్రెయిన్ 999, ఒమన్ 9999, సౌదీలో ఊరిని బట్టి 911 లేదా 999. రెండు మూడు అరబ్బీ మాటలు నోటికి రావాలి. "సాయిదూనీ" అంటే సాయం చేయండి, "సిఫారా హిందియ్యా" అంటే ఇండియన్ ఎంబసీ, "షుర్తా" అంటే పోలీసు, "జవాజ్" అంటే పాస్‌పోర్ట్.

జీతం ఆపడం, తిండి సరిగా పెట్టకపోవడం, తిట్లు, పని గంటలు, ఇలాంటివైతే తేదీలతో రాసుకుంటూ ఇంటికి చెప్పండి, ఫిర్యాదు నడిపించండి. బయటికి రావాల్సి వస్తే మూడు జాగ్రత్తలు:

- ఆ ఇంటి వస్తువు ఒక్కటి కూడా వెంట తేకండి, మేడమ్ కొనిచ్చిన ఫోనైనా సరే, చీపురు పుల్లైనా సరే. బయటికి రాగానే చాలామంది మీద పడేది దొంగతనం కేసు
- నేరుగా ఎంబసీకి. టాక్సీవాడికి డబ్బు లేకపోతే ఎంబసీ దగ్గర ఇస్తానని చెప్పండి. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు, అయినా ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది
- "మా రూముకి వచ్చేయ్, బయట ఎక్కువ జీతం ఇప్పిస్తా" అనేవాళ్లతో వెళ్లకండి, తెలుగువాళ్లైనా సరే

మూడోది ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, మొదటి ఇంట్లో కష్టపడ్డ మనిషి అసలు చెడిపోయేది అక్కడే. కఫీల్ పరారీ కేసు పెడతాడు, అకామా పోతుంది, మనవాళ్ల భాషలో ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతారు. ఆ తర్వాత పోలీసంటే భయం, ఎంబసీ అంటే భయం, ఆ రూము ఇచ్చినవాడు చెప్పిందే వేదం. వాడు ఏ ఇంటికి పంపితే ఆ ఇంటికి, ఏ పనికి పంపితే ఆ పనికి.

ఎంబసీలో ఉండటానికి చోటు, తిండి, అవసరమైతే టికెట్ కూడా ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి ఇవ్వొచ్చు. అది మనవాళ్ల కోసం పెట్టిన నిధే, అడగడానికి సిగ్గు పడొద్దు.

9. ఇంటి దగ్గర మనిషి చేయాల్సింది

వరస ఇదీ. ఒకే రోజులో అన్నీ చేయొచ్చు.

ముందు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు, విదేశాంగ శాఖది, నంబరు వస్తుంది, దాచుకోండి. అదే రోజు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్, 1800 11 3090, ఇండియాలో టోల్ ఫ్రీ. ఆ దేశంలోని మన ఎంబసీకి మెయిల్. ఆంధ్రావాళ్లైతే ఏపీఎన్ఆర్టీ సొసైటీ (బయటి దేశాల్లోని తెలుగువాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది), తెలంగాణవాళ్లైతే ప్రజా భవన్‌లో 2024లో పెట్టిన ప్రవాసీ ప్రజావాణి. మన దగ్గర కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో కూడా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఫిర్యాదులో ఏం రాయాలన్నది చాలామందికి తెలియక మూడు పేజీల ఏడుపు రాస్తారు. చదివేవాళ్లకు కావాల్సింది అర పేజీ. ఇలా రాయండి:

"నా అక్క (పేరు), పాస్‌పోర్ట్ నంబరు ఫలానా, ఫలానా తేదీన హైదరాబాద్ నుంచి కువైట్ వెళ్లింది. వీసా నంబరు, కఫీల్ పేరు, ఫోను, సివిల్ ఐడీ, ఇంటి పీఏసీఐ నంబరు ఇవీ. పంపిన ఏజెంటు పేరు, ఫోను ఇవీ. ఫలానా నెల నుంచి జీతం ఇవ్వలేదు. ఫలానా తేదీన కొట్టారని ఫోన్‌లో చెప్పింది, రికార్డింగు ఉంది. ఫలానా తేదీ తర్వాత ఫోన్ లేదు. ఆమెను సురక్షితంగా బయటికి తీసుకొచ్చి, రావాల్సిన జీతం ఇప్పించి, ఇండియా పంపించమని కోరుతున్నాను."

తర్వాత పోలీస్ స్టేషను. "అది విదేశాల సంగతి, మాకు రాదు" అంటారు, మామూలే. ఆవిణ్ణి ఒప్పించింది ఇక్కడ, డబ్బు చేతులు మారింది ఇక్కడ, కాబట్టి కేసు ఇక్కడే పెట్టొచ్చని చెప్పండి. మనుషుల అక్రమ రవాణాకు భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ ఉంది, 2024 జూలైకి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 370. లైసెన్సు లేకుండా పంపినందుకు ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్లు. మీ స్టేషను పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. అయినా కదలకపోతే ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు ఇచ్చిన రసీదు ఫైల్లో పెట్టండి. మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

కేసు కట్టగానే ఏజెంటు ఇంటికొస్తాడు. "కేసు తీసేయండి, పది రోజుల్లో తెప్పిస్తా." ఊరి పెద్దమనిషిని కూడా వెంటబెట్టుకొస్తాడు. ఆవిడ మన గడప లోపల అడుగు పెట్టే దాకా కాంప్రమైజ్ కాగితం మీద సంతకం పెట్టకండి.

10. ఎక్కువగా చేసే తప్పులు, వాటికి మందు

వయసు మార్చడం. 26 ఏళ్ల మనిషికి ఆధార్‌లో 31 చేయించి పాస్‌పోర్ట్ తీస్తారు. రేపు ఏదైనా జరిగితే ఏ రికార్డూ సరిపోదు. 30 నిండని వాళ్లు ఆగండి, అంతే.

దొంగ పదో తరగతి సర్టిఫికెట్‌తో పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ లేకుండా చేయించుకోవడం. అనుమతి అవసరం తప్పించుకున్నట్టే అనిపిస్తుంది, దానితో పాటు ఇన్సూరెన్సు, ఒప్పందం పరిశీలన కూడా తప్పిపోతాయి. పైగా కేసు మీ మీదే. ఇప్పటికే అలా చేయించి ఉంటే ఆ పాస్‌పోర్ట్ మీద వెళ్లకండి.

ఏజెంటు తిట్టిన వాయిస్ మెసేజులు కోపంతో డిలీట్ చేయడం. అవే సాక్ష్యం. వెంటనే వేరే ఫోనుకి ఫార్వర్డ్ చేసి, చాట్ మొత్తం మెయిల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

ఏడుస్తున్న వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం. ఒక్కోసారి దీనివల్ల పని జరుగుతుంది, ఒప్పుకుంటా. కానీ ఆవిడ ఇంకా ఆ ఇంట్లో ఉండగా పెడితే ఫోను లాక్కుంటారు, కొన్ని దేశాల్లో యజమాని మొహం, పేరు బయటపెడితే ఎదురు కేసు. ముందు ఎంబసీకి పంపండి, ఆవిడ బయటపడ్డాక మీ ఇష్టం.

"మా అక్క వెళ్లిన ఏజెంటే, ఏం కాదు" అనుకోవడం. అక్కని మంచి ఇంటికి పంపినవాడే చెల్లెల్ని విజిట్ వీసా మీద పంపొచ్చు. కాగితం ప్రతిసారీ కొత్తగా చదవాలి.

11. తిరిగొచ్చాక

మొదటి వారం ఎవర్నీ ఇంటికి రానివ్వకపోయినా ఫర్వాలేదు. "ఏం జరిగింది, ఎంత తెచ్చావు" అని పక్కింటివాళ్లు అడుగుతారు, వాళ్లకి జవాబు చెప్పాల్సిన పని లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఒకసారి పూర్తిగా చూపించండి, దెబ్బలుంటే ఫొటోలు, డాక్టరు కాగితం తీసుకోండి. జీతం బాకీ ఉంటే అక్కడి నుంచి బయల్దేరే ముందే ఎంబసీలో రాతపూర్వకంగా ఇచ్చి రావాలి. ఇవ్వకుండా వచ్చేస్తే మదద్‌లో పాత నంబరు మీదే అడుగుతూ ఉండండి.

ఉచితంగా లాయర్ కావాలన్నా, బాధితులకిచ్చే పరిహారం గురించి తెలుసుకోవాలన్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఫోన్ 15100. కేసులో వాంగ్మూలం ఇవ్వాల్సొస్తే మహిళా పోలీసు ముందు ఇస్తామని అడగొచ్చు.

ఆ తర్వాత రెండు మూడు నెలలకు అదే ఏజెంటో, వాడి తాలూకు ఇంకొకడో మళ్లీ వస్తాడు. "పోయినసారి ఇల్లు మంచిది కాదు, ఈసారి మాల్దారు ఇల్లు" అంటాడు. మళ్లీ వెళ్లాలనుకుంటే వెళ్లండి, మా పిన్ని కూడా రెండోసారి వెళ్లింది, టామ్‌కామ్, ఓంక్యాప్ లాంటి దారిలోనే వెళ్లమని మేం పట్టుబట్టాం. ఆ పది రూపాయల ఫైలు మాత్రం పారేయకండి. కొత్త వీసా కాపీ వచ్చాక పాతదాని పక్కన పెట్టి, మూడో మెట్టులో చెప్పిన ఆరు లైన్లూ మళ్లీ మొదటి నుంచి చూడండి. చదవడం రాకపోతే మీ ఊళ్లో నెట్ సెంటర్ వాణ్ణి అడగండి, చదివి చెప్పడానికి మాలో ఎవరూ డబ్బు తీసుకోరు, ప్రింటుకి మాత్రం తీసుకుంటాం.